ఉపవాసంలో తేనె, బెల్లం తీసుకోవచ్చా?

"మా నాన్నగారు ఉపవాసంలో ఉన్నారండీ. పంచదార ముట్టలేదు, కాస్త తేనె కలిపిన నీళ్ళు మాత్రం తాగారు." రక్త పరీక్షకు వచ్చినవారి బంధువులు ఇలా చెప్పడం మామూలే. తేనె, బెల్లం ప్రకృతి ఇచ్చినవి కాబట్టి వాటితో ఉపవాసం చెడదని, షుగరు పెరగదని చాలామంది అనుకుంటారు. ఇందులో నిజమెంతో తెలుసుకుందాం.

తేనె కూడా చక్కెరే

తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే. మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు. ఒక టీస్పూను తేనెలో సుమారు 6 గ్రాముల చక్కెర, 20 కేలరీలు ఉంటాయి. ఒక టీస్పూను పంచదారలో ఉండేది 4 నుంచి 5 గ్రాములే. అంటే చెంచాకు చెంచా చూస్తే తేనెలో చక్కెర తక్కువేమీ కాదు. బెల్లం చెరకు రసాన్ని కాచి చేసినది. అందులో కొద్దిగా ఖనిజ లవణాలు ఉన్నా ఎక్కువ భాగం చక్కెరే. తాటి బెల్లం, ఖర్జూరాల సంగతీ అంతే. ఇవన్నీ రక్తంలో గ్లూకోజును పెంచుతాయి.

డాక్టరు చెప్పిన ఉపవాసం

పరగడుపు షుగరు పరీక్షకు ముందు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్ళు మాత్రం తాగవచ్చు. 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 126 లేక అంతకన్నా ఎక్కువ ఉంటే మధుమేహం అని లెక్క. తేనె నీళ్ళు తాగి పరీక్ష చేయించుకుంటే ఆ అంకె తప్పుగా రావచ్చు. దాన్ని చూసి మందు మోతాదు పెంచితే నష్టపోయేది రోగే. పొరపాటున తాగి ఉంటే దాచకుండా చెప్పండి. పరీక్ష మరునాడు చేయించుకోవచ్చు.

ఆపరేషనుకు ముందైతే ఇంకా జాగ్రత్త అవసరం. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. ఎప్పటినుంచి ఏది ఆపాలో మత్తు డాక్టరు చెప్పినట్టే చేయండి. "నీరసంగా ఉన్నారు" అని జాలిపడి చాటుగా ఏమీ ఇవ్వవద్దు.

భక్తితో చేసే ఉపవాసం

ఇక్కడ నియమాలు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటాయి. రంజాను ఉపవాసంలో సూర్యాస్తమయం వరకు నీళ్ళు కూడా ముట్టరు. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలలో పాలు, పండ్లు తీసుకునేవారు ఉన్నారు. కతోలిక సంఘ నియమం ప్రకారం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం రోజులలో ఒక పూట పూర్తి భోజనం చేసి, మిగిలిన వేళల్లో కొద్దిగా తినవచ్చు. అక్కడ తేనెకు నిషేధం లేదు. అయితే నియమం ఒప్పుకున్నంత మాత్రాన షుగరు రోగి శరీరం ఒప్పుకోదు.

బైబిలులో సమూయేలు మొదటి గ్రంథం 14వ అధ్యాయం చూడండి. సాయంత్రం వరకు ఎవరూ తినరాదని సౌలు రాజు సైన్యానికి ఒట్టు పెట్టాడు. ఆ సంగతి తెలియని యోనాతాను అడవిలో కొంచెం తేనె తిన్నాడు. వెంటనే అతని కళ్ళకు కాంతి వచ్చింది. మిగిలినవారేమో ఆకలితో సొమ్మసిల్లిపోయారు. నీరసించిన మనిషికి తీపి ఎంత త్వరగా పనిచేస్తుందో ఇందులో కనబడుతుంది.

షుగరు పడిపోతే తీపే మందు

ఇన్సులిను, లేక గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు తినకుండా ఉంటే షుగరు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు దీని గుర్తులు. 70 కన్నా తగ్గితే ఉపవాసం అప్పుడే ఆపాలి. మనిషి మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి గాని, ఒక పెద్ద చెంచా తేనె గాని ఇవ్వండి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించండి. ఇంకా తక్కువగా ఉంటే మళ్ళీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

స్టీవియా సంగతి ఏమిటి?

స్టీవియా ఆకు తీపిలో చక్కెర లేదు. మన దేశంలో 2015లో దీని సారానికి అనుమతి ఇచ్చారు. కాని కొన్ని పొట్లాలలో డెక్స్‌ట్రోజు కలుపుతారు. పొట్లం మీద రాసినది చదవండి. పరీక్షకు ముందు మాత్రం ఇదీ వద్దు.

ఇంట్లో పాటించవలసినవి

1. షుగరు రోగి ఉపవాసం ఉండదలిస్తే ముందుగానే డాక్టరుకు చెప్పండి. మందులు మీరే ఆపవద్దు, తగ్గించవద్దు.
2. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అడగకుండా కొబ్బరినీళ్ళు ఇవ్వవద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ.
3. ఏడాది లోపు పసిబిడ్డ నాలుకకు తేనె రాయవద్దు.

రోగులను ఉపవాసం నుంచి మినహాయించిన మతాలే ఎక్కువ. కతోలిక సంఘమైతే దివ్యసత్ప్రసాదానికి ముందు ఉండవలసిన ఒక గంట ఉపవాసం నుంచి వృద్ధులకు, రోగులకే గాక వారికి సేవ చేసేవారికి కూడా సడలింపు ఇచ్చింది. కాబట్టి మీ ఇంటి పెద్దలు "ఉపవాసం మానితే పాపమేమో" అని బాధపడితే ఈ మాట నెమ్మదిగా చెప్పండి. వారికి వేళకు అన్నం పెట్టి, మీరూ తినండి.