పరపతి యెవరి చేతిలో నున్నది?
అమెరికా నల్లజాతివారి యనుభవము

పరపతి యనగా డబ్బు కాదు, నమ్మకము. ఈ మాట మన సంఘ సభ్యులు తఱచుగా వినునదే. కాని నమ్మదగినవాడెవడో నిర్ణయించు నధికారము ఎవరి చేతిలో నుండునో, ఊరి సంపదయు తుదకు వారి చేతికే చేరును. ఈ సత్యమును అమెరికా దేశపు నల్లజాతివారు నూటయేబది సంవత్సరములకు పైగా ననుభవించి తెలిసికొనిరి. తమ దుకాణములకును, చేతిపనులకును, సేద్యమునకును న్యాయమైన పెట్టుబడి సంపాదించుకొనుటకు వారు చేసిన ప్రయత్నములలో గెలుపులు గలవు, ఓటములును గలవు. పరపతి సంఘములను నడుపుకొను రైతులకు రెండును తెలియదగినవే యని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

బానిసత్వము పోయినను బాకీ పోలేదు

1865 సంవత్సరమున అమెరికాలో బానిసత్వము చట్టరీత్యా రద్దయ్యెను. విడుదల పొందినవారు సుమారు 40 లక్షలమంది. వారికి స్వేచ్ఛ లభించెనే గాని భూమి లభింపలేదు. దక్షిణ రాష్ట్రములలో పెక్కుమంది పరుల భూములను పాలికి సేద్యము చేయవలసివచ్చెను. విత్తనములు, పనిముట్లు, తిండిగింజలు వర్తకుడు అరువిచ్చెడివాడు. అందులకు రానున్న ప్రత్తిపంటయే తాకట్టు. నగదుధర యొకటి, అరువుధర మరియొకటి. లెక్క వ్రాయువాడు వర్తకుడే. పంటకు ధర కట్టువాడును తఱచుగా నతడే. ఏటి చివర లెక్క తీయగా మిగులు కానరాదు, బాకీ మాత్రము మరుసటి యేటికి సాగును. పంటనంతయు కల్లములోనే షావుకారునకు కొలిచియిచ్చి వట్టిచేతులతో ఇల్లు చేరిన రైతులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

పొదుపు వారిది, పెత్తనము పరులది

ఆ సంవత్సరముననే, మార్చి 3వ తేదీన, అధ్యక్షుడు అబ్రహాము లింకను ఒక చట్టముపై సంతకము చేసెను. దానివలన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు ఏర్పడెను. విడుదల పొందినవారు తమ కూలిడబ్బులను దాచుకొనుటకు ఏర్పడిన బ్యాంకు అది. సైనికులు, చాకిరివారు, పాలికాపులు, విధవలు తమకు మిగిలిన కొద్దిపాటి సొమ్మును అందులో వేసిరి. ప్రభుత్వమే జామీనుగా నున్నదని వారిలో పెక్కుమంది నమ్మిరి. ఆ నమ్మకము సరికాదు. ప్రభుత్వమట్టి జామీను ఇచ్చియుండలేదు.

మొదట ఆ సొమ్మును ప్రభుత్వ పత్రములలోనే పెట్టవలెనను నియమముండెను. 1870లో చట్టమును సవరించి, స్థిరాస్తుల తాకట్టుపై అప్పులిచ్చుటకు ననుమతించిరి. అటుపిమ్మట పెత్తందారులు తమ పరిచయస్థులకును, గట్టి హామీ లేని వ్యాపారములకును అప్పులిచ్చిరి. సొమ్ము దాచిన నల్లజాతివారికి మాత్రము ఆ బ్యాంకులో అప్పు దొరకుట మిక్కిలి యరుదు. 1873లో దేశమంతట ఆర్థిక సంక్షోభము వచ్చెను. 1874 మార్చిలో ప్రసిద్ధ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ గారిని అధ్యక్షునిగా చేసిరి. ఆయన తన సొంత సొమ్ము 10,000 డాలర్లు బ్యాంకునకు అప్పిచ్చెను. కాని లోపల పుచ్చిపోయిన దూలమునకు పైని సున్నము కొట్టిన నేమి లాభము? ఆ వేసవిలోనే బ్యాంకు మూతపడెను. 61,144 మంది డిపాజిటుదారులకు సుమారు 30 లక్షల డాలర్లు రావలసియుండెను. సంవత్సరముల తరబడి తిరుగగా కొందరికి కొంత చేతికి వచ్చెను. మొత్తము సొమ్ము ఎవరికిని రాలేదు.

ఇందలి లోపము పేదల పొదుపులో లేదు. చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును ఎవరికి అప్పిచ్చుచున్నారో చూచుటకు ఆ సొమ్ము గలవారికి అధికారము లేకుండెను. అదియే లోపము.

రిచ్మండు పట్టణపు చాకిరివారి బ్యాంకు

ఈ దెబ్బ తగిలిన తరువాతను వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వర్జీనియా రాష్ట్రములోని రిచ్మండు పట్టణమున 1864లో జన్మించిన మాగీ లీనా వాకర్ అను నామె తల్లి బట్టలుతికి జీవించిన స్త్రీ. చావునందును రోగమునందును సభ్యులకు సహాయము చేయు సెయింట్ లూక్ సంఘమునకు 1899లో వాకర్ గారు కార్యదర్శిని యైరి. అప్పటికి ఆ సంఘము చితికిపోయి యుండెను. ఆమె లెక్కలు చక్కబెట్టి, సభ్యులను చేర్చి, 1903లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకును స్థాపించిరి. అమెరికాలో బ్యాంకును స్థాపించి దానికి అధ్యక్షత వహించిన తొలి నల్లజాతి స్త్రీ ఆమెయే.

పెన్నీ యనగా వారి దేశమున మన కానీవంటి చిన్న నాణెము. బ్యాంకు పేరులోనే దాని ధర్మమున్నది. బట్టలుతుకు స్త్రీలు, వంటలక్కలు, పొగాకు కార్ఖానా కూలీలు దానిలో సొమ్ము దాచిరి. పిల్లలకు అట్టపెట్టెలిచ్చి నాణెములు కూడబెట్టుట నేర్పిరి. ఆ సొమ్మే తిరిగి ఆ వాడలోనివారికి ఇండ్లు కొనుటకును, చిన్న వ్యాపారములు పెట్టుకొనుటకును అప్పుగా చేరెను. అప్పు అడుగువాడు ఎట్టివాడో, వాని పనితన మెట్టిదో అచటివారికి తెలియును. వడ్డీయు ఊరు దాటిపోదు. 1930 ప్రాంతమున గొప్ప ఆర్థికమాంద్యములో అనేక బ్యాంకులు కూలిపోవుచుండగా, ఈ బ్యాంకు పట్టణములోని మరి రెండు నల్లజాతి బ్యాంకులతో కలిసిపోయి నిలిచెను. వాకర్ గారు 1934లో మరణించిరి. వారు నాటిన సంస్థ ఇరువదియొకటవ శతాబ్దము తొలి సంవత్సరముల వరకు నల్లజాతివారి యాజమాన్యముననే నడచెను.

వాకర్ గారు బ్యాంకు తెరచిన మరుసటి యేడే, 1904లో, మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఈ రెంటికి నొండొంటితో సంబంధము లేదు. అయినను రెండుచోట్లను బాధ యొక్కటియే, వెదకిన మందును ఒక్కజాతిదే.

సంపద యున్నను రక్షణ లేనిచో

పొదుపు చేసినంత మాత్రమున కార్యము ముగియదు. ఓక్లహోమా రాష్ట్రమున తుల్సా పట్టణములోని గ్రీన్‌వుడ్ వాడలో నల్లజాతివారు హోటళ్లు, నాటకశాలలు, దుకాణములు, వైద్యశాలలు నెలకొల్పిరి. 1921 మే 31, జూన్ 1 తేదీలలో శ్వేతజాతి మూక యా వాడపై బడి 1,200కు పైగా ఇండ్లను తగులబెట్టెను. నష్టపరిహారమునకై వేసిన దావాలు నెరవేరలేదు. బీమా సొమ్మును దక్కలేదు. ఒక తరము కూడబెట్టినది రెండు దినములలో బూడిదయ్యెను.

మంట లేకుండ సంపదను కాల్చు పద్ధతి మరియొకటి గలదు. 1930 తరువాత ప్రభుత్వ సంస్థ యొకటి పట్టణముల పటములు గీయించి, నల్లజాతివారుండు వాడలకు ఎఱ్ఱరంగు వేయించెను. అచట అప్పిచ్చుట ప్రమాదకరమని దాని యర్థము. 1934లో ఏర్పడిన గృహఋణ హామీ శాఖయు అట్టి వాడలలోని యిండ్లకు హామీ నిరాకరించుచు వచ్చెను. చిన్న వ్యాపారి బ్యాంకునకు చూపగల హామీ చాలవఱకు తన యిల్లే. ఇంటికి విలువ కట్టనిచో హామీ లేదు. హామీ లేనిచో పెట్టుబడి లేదు. పెట్టుబడి లేనిచో వ్యాపారము పెరుగదు. వ్యాపారము పెరుగని వాడలో ఇండ్లకు ధర రాదు. గానుగెద్దువలె ఎంత తిరిగినను ఉన్నచోటనే యుండుట యిదియే. 1968, 1974, 1977 సంవత్సరముల చట్టములు ఈ యన్యాయమును నిషేధించుటకును, బ్యాంకులు తాము డిపాజిట్లు తీసికొను పేట లన్నిటికిని అప్పులిచ్చునట్లు చేయుటకును పుట్టినవి. గీత చెరపినను దాని జాడ సులభముగా చెరగదు.

అదను దాటిన అప్పు

రైతుల సంగతి మరింత తెలియదగినది. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు సుమారు 9 లక్షల 25 వేలమంది యుండిరి. 2022 సంవత్సరపు వ్యవసాయ గణనలో నల్లజాతి సాగుదారులు సుమారు 42 వేలమంది మాత్రమే. పట్టణములకు వలస, వారసుల వివాదములు, యంత్రములు మున్నగు కారణములు పెక్కు గలవు. వానిలో అప్పు విషయమైన పక్షపాత మొకటి. ప్రభుత్వ వ్యవసాయ ఋణముల విషయమున జిల్లా కమిటీల మాట చెల్లెడిది. వానిలో నల్లజాతివారు అరుదు. వారి దరఖాస్తులు తిరస్కరింపబడెను, లేదా ఆలస్యమయ్యెను. విత్తుటకు కావలసిన సొమ్ము కోతలనాటికి వచ్చినచో నది సహాయము కాదు, మెడకు బండ. ఈ విషయమై 1997లో వేసిన దావా 1999లో రాజీకి వచ్చి, ప్రభుత్వము 100 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలసి వచ్చెను. గడువులో దరఖాస్తు పెట్టుకొనలేకపోయిన వారికై 2010లో మరి 125 కోట్లు కేటాయించిరి. ఈలోపల వేలంలో పోయిన భూములు మాత్రము తిరిగి రాలేదు.

చేయి చేయి కలిపినవారు

1967లో దక్షిణ రాష్ట్రముల నల్లజాతి రైతుల సహకార సంఘములు కూడి యొక సమాఖ్యగా నేర్పడినవి. 1969లో మిసిసిపి రాష్ట్రమున ఫానీ లూ హేమర్ అను నామె, స్వయముగా ప్రత్తిచేలలో కూలిచేసిన స్త్రీ, ఒక సమష్టి వ్యవసాయక్షేత్రమును స్థాపించిరి. అచట పందుల నిధి యొకటి యుండెను. నిధినుండి ఒక కుటుంబము ఆడపందిని తీసికొని పెంచును. పుట్టిన పిల్లలలో కొన్నిటిని మరియొక కుటుంబమునకు చేరునట్లు తిరిగి యిచ్చును. అసలును వడ్డీయు ప్రాణముతో పెరుగు ఋణమది. అయితే ఆ క్షేత్రము దాతల విరాళములపై నెక్కువగా నాధారపడెను. విరాళములు తగ్గగానే భూములు నిలువక 1970 దశకము నడుమ ముగిసిపోయెను. దాన మొక వానజల్లు. సభ్యుల వాటాధనము ఊరి చెరువు.

పట్టణములలో కరీబియను దీవులనుండి వచ్చినవారు సూసూ యను పద్ధతి నవలంబింతురు. కొందరు కూడి నెలకింత వేసికొని, వంతులవారిగా మొత్తము తీసికొందురు. మన చీటీకి దగ్గర చుట్టము. వేలంపాట మాత్రము లేదు. 1994లో చేసిన చట్టమువలన, సామాన్య బ్యాంకులు విడిచిన చోట్ల అప్పులిచ్చు సంస్థలకు ప్రభుత్వ నిధి యేర్పడెను. అట్టి సంస్థలలో 1995లో మిసిసిపిలో ఒక చర్చి ఆశ్రయమున పుట్టిన హోప్ పరపతి సంఘ మొకటి. ఇట్టి సంస్థలు హామీని మాత్రమే చూడక, వ్యాపారపు రాబడిని, మనిషి నడవడిని చూచును; లెక్కలు వ్రాసికొనుట నేర్పును; రాబడి వచ్చు కాలమునుబట్టి వాయిదాలు కట్టును.

మన గడప

చదువరులారా, దూరదేశపు కథ యని దీనిని మడిచి పెట్టవలదు. మన సంఘపు ఆస్తి అప్పుల పట్టీని మహాజనసభలో ఎందరము చదువుచున్నాము? పెద్ద అప్పులు ఎవరికి పోయినవో అడుగుచున్నామా? అడుగకున్నచో ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు డిపాజిటుదారులకు పట్టిన గతి మనకును పట్టవచ్చును. వారికి అడుగు హక్కు లేకుండెను. మనకు హక్కుండియు నోరు మెదపకున్నాము.

రెండవ ప్రశ్న ఇంకను కఠినమైనది. మన యూరిలో సంఘపు గడప యెక్కలేనివారెవరు? పట్టా లేని కౌలురైతు, పాడి పెట్టుకొనదలచిన కూలిస్త్రీ, ఊరి చివర వాడలోని చెప్పులు కుట్టు పనివాడు వచ్చి అప్పడిగినచో, వాని పనితనము చూచుచున్నామా, వాడ పేరు చూచుచున్నామా? ఎఱ్ఱరంగు పటము గీయుటకు కాగితము అక్కరలేదు. పాలకవర్గపువారి మనస్సులో గీసినను చాలును. షావుకారు చేతిలో నలిగిన మనమే రేపు మరియొకరికి షావుకారులము కాగూడదు. రానున్న మహాజనసభకు పట్టీని చదివి రండు. సంఘములో లేని పొరుగువాని నొక్కని వెంటబెట్టుకొని రండు.