నరసాపురం లేసు – మన కొనుగోలు, మన పిల్లల ఉపాధి



దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురునకు చూపించినవి ఆమె తన చేతులతో కుట్టిన వస్త్రములే (అపొ. కార్యములు 9వ అధ్యాయము). పౌలు డేరాలు కుట్టి తన పోషణ తానే చూచుకొన్నాడు. చేతిపనికి పరిశుద్ధ గ్రంథములో ఇంత గౌరవమున్నది. మన మధ్యనున్న చేతిపనివారిని మెచ్చుకొని ఊరుకుంటే వారి పొయ్యి వెలగదు. వారు చేసిన వస్తువును తగిన వెలకు కొన్నప్పుడే వెలుగుతుంది. ఇందుకు నరసాపురం లేసు మంచి ఉదాహరణ.

మిషనెరీలు నేర్పిన పని

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం ప్రాంతమునకు 19వ శతాబ్దములో మిషనెరీలు వచ్చారు. స్కాట్లాండ్ నుండి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి పేద స్త్రీలకు లేసు అల్లడము నేర్పించారని చెబుతారు. మొదట క్రైస్తవ కుటుంబముల స్త్రీలు నేర్చుకొన్న ఈ పని క్రమముగా ఇతరులకును వ్యాపించింది. సన్నని నూలుదారము, చిన్న కొక్కెపు సూది – పెట్టుబడి ఇంతే. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతుకుతారు. బల్ల గుడ్డలు, తెరలు, దిండు గలేబులు, పసిపిల్లల గౌనులు తయారై విదేశములకు కూడ వెళ్లాయి. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే వేరొక చోట తయారైన లేసును ఈ పేరుతో అమ్మడము చట్టవిరుద్ధము.

కూలి ఎవరికి చేరింది?

పేరు గొప్పదైనా అల్లిన చేతికి దక్కినది స్వల్పమే. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు స్త్రీలను గూర్చి వ్రాసిన పుస్తకము 1982లో వెలువడింది. ఇంటిపనితోపాటు రోజూ గంటల తరబడి అల్లే ఈ స్త్రీలను పనివారిగా కాక, తీరిక వేళ పొద్దుపుచ్చే గృహిణులుగా లెక్కించినందున వారికి కనీస కూలి కూడ దక్కలేదని ఆమె వివరించారు. దారము ఇచ్చేవాడు, సరుకు తీసుకొనేవాడు, ఎగుమతి చేసేవాడు – ఇందరి చేతులు దాటిన తరువాత మిగిలినదే అల్లినవారికి. తరువాతి కాలములో యంత్రపు లేసు, ముఖ్యముగా చైనా సరుకు, చౌకగా బజారుకు వచ్చి ఉన్న గిరాకీని కూడ తగ్గించింది.

అందుచేత తల్లి చేతిలోని విద్యను కుమార్తె నేర్చుకోవడము లేదంటే ఆ బిడ్డను సోమరి అనవద్దు. రోజంతా కూర్చున్నా కూలి గిట్టని పనిలోకి ఎవరు వస్తారు? కొందరు రొయ్యల ఫ్యాక్టరీలకు వెళ్తున్నారు. కొందరు బిడ్డలను ఇంటి వద్ద విడిచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తున్నారు. పని ఊరిలోనే గిట్టుబాటైతే ఆ కుటుంబములు కలిసి ఉండవచ్చును కదా!

మనమేమి చేయగలము?

1. క్రిస్మస్‌కు, పెండ్లికి, బిడ్డ ప్రతిష్ఠకు కొనే వాటిలో ఒక్కటైనా చేతి అల్లికగా ఉండనివ్వండి. అన్నీ కొనే స్తోమత అందరికీ ఉండదు; ఒక చిన్న గౌను చాలును. మందిరపు బల్ల గుడ్డ, పుల్‌పిట్ గుడ్డ సంఘము తరపున చేయించవచ్చును.

2. చూచి కొనండి. చేతి అల్లికలో ఒక పువ్వుకు, మరొక పువ్వుకు స్వల్ప తేడా ఉంటుంది. యంత్రపు లేసులో అన్నీ అచ్చు గుద్దినట్లుంటాయి.

3. వీలైతే అల్లే స్త్రీల సంఘముల వద్దనే కొనండి. రెండు, మూడు నెలల ముందుగా చెప్పి, దారమునకు బయానా ఇవ్వండి. సరుకు అందిన రోజే మిగతా సొమ్ము చెల్లించండి. కూలి ఆలస్యము చేయరాదని లేవీయకాండము 19వ అధ్యాయము మనలను హెచ్చరించుచున్నది.

4. యౌవనస్థులారా, అల్లడము ఒక్కటే పని కాదు. కొత్త నమూనాలు గీయడము, లేసుతో గౌనులు కుట్టడము, ఫొటోలు తీసి ఫోనులో దూరపు వారికి చూపించడము, లెక్కలు వ్రాయడము, పార్శిలు పంపడము – చదువుకొన్న పిల్లలకు తగిన పనులే ఇవి. మధ్యవర్తి చేసే పనిని మీరు చేస్తే ఆ లాభము మీ ఊరిలోనే నిలుస్తుంది.

అల్లే సహోదరీలకును ఒక మాట. జాలిపడి కొనేవారు ఒకసారే కొంటారు. పని బాగున్నదని కొనేవారు మరల వస్తారు. కొలత తప్పక, మరక పడక, చెప్పిన దినమునకు ఇవ్వండి.

ఈసారి బజారులో లేసు పట్టుకొన్నప్పుడు వెల ఒక్కటే అడగవద్దు. ఎవరు అల్లారో, వారికెంత ముట్టిందో కూడ అడగండి. అలా అడిగే కుటుంబములు మన సంఘములలో పెరిగితే, ఆ సూదిని అందుకొనడానికి మన బిడ్డలు వెనుకాడరు.