యాభై ఐదు ఇంచులు, పదకొండు అడుగులు

గోదావరిఖనిలో మా అక్కావాళ్ల ఇంట్లో కొత్త టీవీ గోడకెక్కిన మొదటి సాయంత్రం. బావ రిమోట్ నొక్కి సోఫాలో వెనక్కి వాలాడు. అక్క వాళ్ల అత్తమ్మ సోఫా పక్కనే చాప మీద కూర్చుంది. ఆమె రోజూ చూసే సీరియల్ మొదలైంది. కాసేపు కళ్లు చికిలించి చూసి, "మొఖాలన్నీ అలుక్కపోయినట్టున్నయ్ గదరా కొడుకా, పాతదే మంచిగుండె" అన్నది.

బావ మొహం చూడాలి అప్పుడు. సింగరేణి లాభాల వాటా చేతికి రాగానే కరీంనగర్ దాకా పోయి, టవర్ సర్కిల్ చుట్టుపక్కల దుకాణాలన్నీ తిరిగి, 32 ఇంచుల పాత టీవీ స్థానంలో 55 ఇంచులది తెచ్చిన మనిషి. పైగా అది 2025 దసరా. సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ధర 10 శాతం తగ్గిందని బావ లెక్క. పన్ను లేని ధర 100 అనుకుంటే 128 కట్టేచోట 118 కడతాం, తగ్గింది 7.8 శాతమే అని నేను దుకాణంలోనే చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇప్పుడు మాత్రం నా వైపు తిరిగి, "ఏం బామ్మర్దీ, మోసపోయినమా?" అన్నాడు.

మోసం ఎక్కడా జరగలేదు. టీవీ మంచిదే. అత్తమ్మ చెప్పిందీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎట్లా నిజమో తేల్చడానికి ఇంట్లో వెతికి తెచ్చిన వస్తువు, మేస్త్రీలు వాడే కొలత టేపు.

మామూలు ఎస్‌డీ చానల్ పంపే బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. ఈ 576 ఎక్కడిదంటే, మన దేశం మొదట్లోనే ఎంచుకున్న 625 గీతల పద్ధతిలో బొమ్మకు పనికొచ్చే గీతలు అన్నే. 1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ చూపించే 'సైట్' ప్రయోగం మొదలైనప్పుడు, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 6 రాష్ట్రాల్లో 2400 ఊళ్లు ఎంపికయ్యాయి. ఆ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఊరంతా ఒక్క సెట్టు ముందు కింద కూర్చుని చూసిన బొమ్మ ఆ గీతలదే. 1977 అక్టోబర్‌లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనప్పుడూ అవే గీతలు. డబ్బా పోయి పలక వచ్చినా, అత్తమ్మ సీరియల్ మాత్రం ఇప్పటికీ ఆ కాలపు కొలతలోనే ఇంటికొస్తోంది.

720ని 576తో గుణిస్తే 4,14,720 చుక్కలు. కొత్త ఫోర్‌కే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 82,94,400. సరిగ్గా 20 రెట్లు. చానల్ ఒక్క చుక్క పంపితే తెర మీద 20 చుక్కలు నింపాలి. లేనివన్నీ టీవీలోని చిప్పు పక్క చుక్కలను చూసి ఊహిస్తుంది. పాలల్ల ఎన్ని నీళ్లు పోసినా మీగడ పెరగదు గదా!

మరి అదే సీరియల్ పాత టీవీలో ఎందుకు బాగుంది? చూపు బాగున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. ఇంటి కొలతలో చెప్పుకుంటే, ఒక మిల్లీమీటరు ఎడంలో ఉన్న రెండు చుక్కలు 11 అడుగుల దాకా రెండుగా కనిపిస్తాయి. అది దాటితే ఒకటైపోతాయి. 32 ఇంచుల తెర వెడల్పు 71 సెంటీమీటర్లు. దాని మీద 720 చుక్కలు పరిస్తే ఒక్కోటి మిల్లీమీటరుకు వెంట్రుకవాసి తక్కువ. టేపు పట్టి చూస్తే అక్కావాళ్ల హాల్లో గోడ నుంచి సోఫా దాకా 11 అడుగులు. చుక్కలు కలిసిపోయే హద్దు మీదే ఇన్నేళ్లూ సోఫా ఉంది, ఎవరూ కొలవకుండానే. కొత్త తెర వెడల్పు 122 సెంటీమీటర్లు. అవే 720 చుక్కలు ఒక్కోటి 1.7 మిల్లీమీటర్లకు సాగాయి. కలిసిపోవాలంటే 19 అడుగులు వెనక్కి జరగాలి. "అంటే సోఫా వాకిట్లెయ్యాల్నా?" అన్నాడు బావ.

అవసరం లేదు. అదే చానల్ హెచ్‌డీలో పెడితే అడ్డంగా 1920 చుక్కలొస్తాయి. చుక్క 0.63 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, 7 అడుగులు దాటితే బొమ్మ నున్నగా ఉంటుంది. పెట్టి చూపించాం. అత్తమ్మ ఏమీ అనలేదు, బాగుందని అర్థం.

ఇదే లెక్క ఇంకో మెట్టు ఎక్కితే అమ్మేవాళ్లకు నచ్చని మాట ఒకటి బయటపడుతుంది. 55 ఇంచుల మీద ఫోర్‌కే చుక్క 0.32 మిల్లీమీటర్లు. దాన్ని కన్ను విడదీయగలిగేది మూడున్నర అడుగుల్లోపే. 11 అడుగుల సోఫాలోంచి చూస్తే ఫోర్‌కేకూ ఫుల్ హెచ్‌డీకీ చుక్కల్లో తేడా తెలియదు. మూడున్నర అడుగుల్లో నిలబడి టీవీ చూసేదెక్కడ? దుకాణంలోనే. ఈ సైజులో ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు ఫోర్‌కేనే కాబట్టి దాని గురించి బాధ లేదు. దాని మీద ఎయిట్‌కే అని ఇంకా డబ్బడిగితే మాత్రం దండం పెట్టి రావచ్చు.

సైజు విషయానికొస్తే, తెర మన కంటికి అడ్డంగా 30 డిగ్రీలు నిండితే సినిమా హాయిగా ఉంటుందని ఇంజినీర్ల లెక్క. దాని ప్రకారం 55 ఇంచులకు ఏడున్నర అడుగులు, 65కు 9, 75కు 10 అడుగులు. ఇది విన్న బావకు 75 తేలేదేనని కొత్త దిగులు పట్టుకుంది. సినిమాలు, క్రికెట్ హెచ్‌డీలో చూసే ఇంటికి ఈ లెక్క సరే. పొద్దస్తమానం ఎస్‌డీ వార్తలు, సీరియళ్లు నడిచే ఇంట్లో తెర పెద్దదైన కొద్దీ అలుకుడు పెరుగుతుంది. నన్నడిగితే ఇంట్లో ఏం చూస్తారో రాసుకున్నాకే ఇంచుల మాట.

అత్తమ్మ ఫిర్యాదులో ఇంకో సగం ఉంది. ఆమె పక్కన, కింద కూర్చుంటుంది. అక్కడ్నుంచి చూస్తే నలుపు బూడిద రంగులో, మొహాలు పాలిపోయి కనిపించాయి. చాప మీద కూర్చుని నేనూ చూశా, నిజమే. ఎల్‌ఈడీ టీవీ అని పిలుస్తాం గానీ, ఎల్‌ఈడీలు వెనక నుంచి వెలుగిచ్చే దీపాలు మాత్రమే. బొమ్మ కట్టేది ముందున్న ద్రవ స్ఫటికాలు. 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి తీసిన పదార్థం ఒకటి వేడిచేస్తుంటే 145 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవమైంది, 178 దగ్గర తేటపడింది. రెండుసార్లు కరిగే పదార్థమేమిటా అని ఆశ్చర్యపోయాడు. ఆ మసక స్థితే ద్రవ స్ఫటికం. ద్రవంలా పారుతుంది, అణువులు మాత్రం వరుస తప్పవు. విద్యుత్తు తగిలితే ఆ పుల్లల్లాంటి అణువులు పక్కకు తిరుగుతాయి. రెండు పోలరాయిడ్ పొరల మధ్య అవి తిరిగే తీరును బట్టి వెలుగు దాటుతుంది, లేదా ఆగుతుంది. పోలరాయిడ్ చలవద్దాలు పెట్టుకుని టీవీ ముందు తల అడ్డంగా వంచి చూడండి, ఒకచోట బొమ్మ చీకటైపోతుంది. సెల్‌ఫోన్ తెర మీద ఒక్క నీటిబొట్టు వేసి తెల్ల బొమ్మ పెడితే, బొట్టు భూతద్దమై ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు విడివిడిగా చూపిస్తుంది. టీవీ మీద ఈ పని చెయ్యొద్దు, కారణం తర్వాత చెప్తా.

పుల్లల గుండా ఎదురుగా వచ్చే వెలుగుకూ, ఏటవాలుగా వచ్చే వెలుగుకూ దారి ఒకటి కాదు. అందుకే పక్కచూపులో రంగు మారుతుంది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్.చంద్రశేఖర్, ఆయన సహచరులు 1977లో నాణేల్లా గుండ్రంగా ఉండే అణువులతోనూ ద్రవ స్ఫటికాలుంటాయని కనిపెట్టారు. అలాంటి అణువులతో చేసిన పొరనే తర్వాత కంప్యూటర్ తెరల్లో పక్కచూపు మెరుగుపరచడానికి వాడారు. టీవీల్లో ఇప్పుడు రెండు జాతులు ఎక్కువ. వీఏ పలకలో నలుపు చిక్కగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే వెలిసిపోతుంది. ఐపీఎస్ పలక పక్కనుంచి బాగుంటుంది, చీకటి గదిలో నలుపు అంత చిక్కగా రాదు. ఏదో డబ్బా మీద సాధారణంగా రాయరు. సిగ్గుపడకుండా దుకాణంలో పక్కకు జరిగి, కింద కూర్చుని ఓసారి చూడటమే మార్గం. చుట్టాలు వస్తే గోడల పొడుగునా చాపలు పరిచే మన ఇళ్లకు ఐపీఎస్ నయం అని నా అభిప్రాయం.

ఎత్తు సంగతి. బిగించడానికొచ్చిన పిల్లవాడు టీవీ అడుగంచును నేలకు అయిదడుగుల ఎత్తులో పెట్టాడు, పిల్లల చేతికి అందకుండా. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను మూడున్నర అడుగుల దగ్గరుంటుంది, చాప మీద కూర్చుంటే రెండు అడుగుల చిల్లర. తెర నడిమధ్య ఆరడుగుల పైన. అత్తమ్మ మెడ ఎత్తి గుడి గోపురం చూసినట్టు చూడాల్సివచ్చింది. ఆ ఏటవాలు చూపే రంగునూ చెడగొట్టింది. అడుగున్నర దించమన్నాను.

దించాలంటే మళ్లీ గోడకు తూట్లు. ఆ ఇంటి గోడ రామగుండం బూడిద ఇటుకలది. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లు అంతే. కరెంటు తయారుచేసిన బొగ్గు తాలూకు బూడిదే గోడలై కరెంటు టీవీని మోస్తోంది. పైన అర ఇంచు సిమెంటు పూత. ప్లగ్గు పూతలోనే ఆగితే ఎప్పుడో పూతతో సహా ఊడొస్తుంది, ఇటుకలోకి దిగాలి. రెండిటుకల మధ్య సందులో పడితే డ్రిల్లు ఉత్తినే లోపలికి జారుతుంది. అప్పుడు పక్కకు జరపాలి. స్విచ్చుబోర్డుకు నిట్టనిలువుగా పైన మాత్రం తూటు వద్దు, లోపల తీగల పైపు ఉంటుంది.

బావకు టీవీ అటూ ఇటూ తిరిగే చెయ్యి స్టాండు మీద మనసు. టీవీ బరువు 15 కిలోలు. గోడకు అంటుకునే స్టాండైతే బరువు గోడకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 20 సెంటీమీటర్ల పలకకు పై మేకుల మీద పడే లాగుడు నాలుగు కిలోల లోపే. చెయ్యి 40 సెంటీమీటర్లు చాపితే అదే టీవీ అవే మేకులను 30 కిలోల బలంతో బయటికి లాగుతుంది. నిండు బిందె చంకలో పెట్టుకున్న మనిషికీ, చెయ్యి చాచి పట్టుకున్న మనిషికీ ఉన్న తేడా. తొమ్మిది ఇంచుల గోడకు పర్వాలేదు, ఆ హాలుది నాలుగున్నర ఇంచుల గోడ. చెయ్యి స్టాండు ఆలోచన అక్కడితో ఆగింది.

తెచ్చేటప్పుడు టీవీని పడుకోబెట్టకూడదన్న మాట మాత్రం బావకు ముందే తెలుసు. ట్రాలీలో నిలబెట్టి, రాజీవ్ రహదారి పొడుగునా తనే పట్టుకుని కూర్చున్నాడు. తెరలో ఉండేవి అర మిల్లీమీటరు మందం గాజు పలకలు రెండు, వాటి మధ్య సందు వెంట్రుక మందంలో 20వ వంతు. పడుకోబెడితే నడుమ కుంగుతుంది, ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు.

ఇంకో ఇల్లు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో, నా దోస్తుది. వాళ్ల గోడ మట్టిది, రెండడుగుల మందం. మేకు నిలవదు కాబట్టి టీవీని బల్ల మీదే పెట్టుకున్నాడు, ఎత్తు దానంతటదే సరిపోయింది. అతని కష్టం వేరు. గాలిదుమారంలో వీధి న్యూట్రల్ తీగ తెగి, ఇంట్లో ఒక్క బల్బు ధగధగ వెలిగి, టీవీ కాలింది. "కూలరు, ఫ్రిజ్జు నడుస్తున్న పక్కింట్ల ఏం గాలే. మా ఇంట్ల బల్బు, టీవీ తప్ప ఏం లేకుండె" అని అతనికి ఇప్పటికీ అంతుపట్టదు. అందులోనే జవాబుంది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య సుమారు 400. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకే వరుసలో పడి ఆ 400ను పంచుకుంటాయి. ఎక్కువ కరెంటు గుంజే ఇంటికి తక్కువ వోల్టులు, తక్కువ గుంజే ఇంటికి ఎక్కువ. పొదుపుగా వాడేవాడే మునిగాడు. లో వోల్టేజీని ఇప్పటి టీవీలు 100 దాకా కూడా తట్టుకుంటాయి, దానికోసం స్టెబిలైజర్ అక్కర్లేదు. కొంటే హై వోల్టేజీ రాగానే కట్ చేసేదే కొనాలి. బల్బు ఉన్నట్టుండి తెల్లగా మెరిస్తే మెయిన్ దించడం అన్నిటికన్నా ముందు. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు డిష్ తీగ కూడా పీకాలి, పిడుగు ఆ దారినా వస్తుంది.

ఎండ సంగతి చెప్పాలా? రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. టీవీ పుస్తకాల్లో సాధారణంగా రాసేది 40 దాకానే. లోపలి కెపాసిటర్ల ఆయుష్షు 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ సుమారుగా సగమవుతుంది. పడమటి గోడ వద్దు, వెనక గాలి ఆడే సందు కావాలి. ఆ వెచ్చటి సందులోకి బల్లులు చేరి బోర్డుల మీద చస్తాయని రిపేరు చేసేవాళ్లు చెబుతారు.

ఇక నీటిబొట్టు సంగతి. దసరాకు ఇల్లు దులుపుతూ తడిబట్టతో తెర తుడిస్తే, నీరు కిందికి జారి అడుగంచులోకి దిగుతుంది. తెరకు సంకేతాలు మోసే సన్నటి పట్టీలు చాలా టీవీల్లో ఉండేది అక్కడే. కొన్నాళ్లకు నిలువు గీతలు పడతాయి. పొడి మెత్తటి బట్ట చాలు.

అక్కావాళ్ల టీవీ ఇప్పుడు అడుగున్నర కిందికి దిగింది. మొదటి నాలుగు తూట్లు దాని నెత్తి మీద బయటపడ్డాయి. అక్క వాటి మీద క్యాలెండర్ తగిలించింది. అత్తమ్మ తిథి చూసుకోవడానికి లేచినప్పుడల్లా క్రికెట్‌కు అడ్డమొస్తోందని బావ గొణుగుతుంటాడు.