వారం వారం వయసొచ్చే వీరుడు

రైలు పలాస దాటి ఇచ్ఛాపురం వైపు పోతుంటే కిటికీకి ఎడమ పక్కన మహేంద్రగిరి కనిపిస్తుంది. పరశురాముడు తపస్సు చేసిన కొండ అంటారు. కుడి పక్కన ఉద్దానం... కొబ్బరి, జీడి, పనస తోటలు, వాటి వెనకాల సముద్రం. కాస్త దక్షిణానికొస్తే టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉండే ఎండల మల్లన్న. ఇంకొంచెం లోపలికి పోతే వంశధార ఒడ్డున ఒకప్పటి కళింగ రాజధాని ముఖలింగం. కొండ, అడవి, ఏరు, కడలి, పాతకాలం రాజధాని... సాహసగాథ అల్లేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

దాదాపు ఇదే సరంజామాతో అమెరికా పత్రికల వారాంతపు రంగుల పేజీల్లో ఓ బొమ్మల కథ మొదలైంది. తేదీ 1937 ఫిబ్రవరి 13. పేరు 'ప్రిన్స్ వాలియంట్'. ఆ రోజు దాన్ని చదివిన పిల్లలు తాతలయ్యారు. కథ మాత్రం ఇంకా అవలేదు! నాలుగు వేల పేజీలు ఎప్పుడో దాటిపోయి, ఇప్పటికీ వారానికో పేజీ చొప్పున నడుస్తూనే ఉంది.

సైకిలెక్కి షికాగోకి...

దీన్ని సృష్టించింది హాల్ ఫోస్టర్. కెనడాలోని హాలిఫాక్స్ అనే రేవు పట్నంలో 1892లో పుట్టాడు. చిన్నప్పుడే తెరచాప పడవ నడపడం నేర్చాడు. పెద్దయ్యాక అడవుల్లో వేటగాళ్లకి దారి చూపించాడు, బంగారం కోసం నేల తవ్వాడు, దుకాణాల కేటలాగులకి బొమ్మలేశాడు. బొమ్మలు సరిగ్గా నేర్చుకోవాలన్న పట్టుదలతో విన్నిపెగ్ నుంచి షికాగోకి దాదాపు వెయ్యి మైళ్లు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాడు. 1929లో 'టార్జాన్' నవలని పత్రిక కోసం బొమ్మల్లోకి మార్చిందీ ఆయనే. ఆ పనితో పేరొచ్చింది కానీ, తృప్తి రాలేదు. ఇంకొకరు రాసిన కథకి బొమ్మలేయడం కాకుండా తన కథని తనే చెప్పాలనుకున్నాడు. అలా పుట్టినవాడే వాలియంట్.

కథ టూకీగా ఇదీ. థూలే దేశపు రాజు అగ్వార్ సింహాసనం పోగొట్టుకుని, భార్యాబిడ్డలతో పడవెక్కి బ్రిటన్ చేరతాడు. అక్కడి చిత్తడి నేలల్లో తలదాచుకుంటాడు. కొడుకు వాల్ ఆ బురదలో, రెల్లు పొదల్లో వేటాడుతూ పెరుగుతాడు. ఓ మంత్రగత్తె అతనికి జోస్యం చెబుతుంది... సాహసాలు బోలెడు చేస్తావు కానీ, సంతృప్తి మాత్రం నీ రాతలో లేదని. ఆ తర్వాత వాల్ ఆర్థర్ రాజు కొలువు చేరి, గవెయిన్ అనే వీరుడి దగ్గర శిష్యరికం చేసి, గుండ్రబల్ల చుట్టూ కూర్చునే యోధుల్లో ఒకడవుతాడు.

మొదట్లో రాక్షస బల్లులూ మంత్రాలూ కూడా ఉండేవి. పోనుపోను ఫోస్టర్ వాటిని తగ్గించేశాడు. వాటి స్థానంలో చరిత్ర వచ్చింది. హూణులొచ్చారు, రోమ్ నగరం పతనం వచ్చింది. ఒక్క పేజీకి ఆయన యాభై గంటలకు పైగా పనిచేసేవాడంటారు. జీను ఎలా బిగిస్తారు, తెడ్డు ఎలా పడుతుంది, కోట గోడకి నిచ్చెన ఎక్కడ వేస్తారు... అన్నీ పుస్తకాల్లో వెతికి గీసేవాడు. ఒక్క విషయంలో మాత్రం చూసీ చూడనట్టు వదిలేశాడు. కథ అయిదో శతాబ్దానిది. కోటలూ కవచాలూ ఎన్నో వందల ఏళ్ల తర్వాతవి. ఆర్థర్ రాజంటే పాఠకుల కళ్లకి అవే అలవాటు మరి!

పాత్రల నోటి దగ్గర మాటల బుడగలు కూడా ఉండవు. బొమ్మ బొమ్మే, కింద కథ కథే. దాంతో పేజీ నిండా ఆకాశానికీ కెరటాలకీ చోటు మిగులుతుంది.

వీరుడికీ ఓ సంసారం

అన్నిటికంటే పెద్ద విశేషం ఇంకోటుంది. బొమ్మల కథల్లో హీరోలకి సాధారణంగా వయసు రాదు. నలభై ఏళ్లయినా అదే కుర్రాడు, అదే చొక్కా. వాల్ అలా కాదు. మొదట్లో పాలబుగ్గల పిల్లాడు. తర్వాత మీసం రాని కుర్రాడు. తొలిసారి మనసిచ్చిన ఐలీన్‌ని మరో యువరాజు ఆర్న్ కూడా ప్రేమిస్తాడు. ఇద్దరూ కత్తులు దూసుకోబోయి, చివరికి స్నేహితులవుతారు. ఐలీన్ ఎక్కిన ఓడ మునిగిపోతుంది. ఇద్దరికీ దక్కదు. 'పాడే కత్తి' అని పేరున్న వాల్ ఖడ్గం ఆ ఆర్న్ ఇచ్చిందే.

ఈ ఘట్టం ఉద్దానం పిల్లలకి వేరే వివరించక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను రాత్రిని వాళ్లు స్వయంగా చూశారు. ఒక్క పూటలో తరాల నాటి కొబ్బరి తోటలు నేలకొరిగాయి. బారువ దగ్గర నీళ్ల అడుగున వందేళ్లకు పైగా పడి ఉన్న 'చిల్కా' ఆవిరి ఓడ సంగతి అక్కడి జాలర్లకి తెలిసిందే. సముద్రం ఇచ్చేదీ తీసుకునేదీ ఏంటో తెలిసిన ఊళ్లవి.

వాల్ 1946లో అలెటా అనే రాణిని పెళ్లాడాడు. 1947లో వాళ్లకి కొడుకు పుట్టాడు. పేరు ఆర్న్... పాత స్నేహితుడి పేరే. ఆ తర్వాత కవల ఆడపిల్లలు, మరో కొడుకు. పిల్లలు పెరిగారు, కొడుకులు తండ్రిని ఎదిరించారు, వాల్ నడి వయసుకొచ్చాడు. పాఠకుడి ఇంట్లో ఏం జరుగుతోందో పేజీలోనూ అదే జరిగింది. అందుకే మూడు తరాలు దాన్ని వదల్లేదు.

1971లో ఫోస్టర్ కుంచె పక్కన పెట్టి జాన్ కల్లెన్ మర్ఫీకి అప్పగించాడు. కథ మాత్రం 1980 దాకా తనే రాశాడు. 1982లో కన్నుమూశాడు. తర్వాత గ్యారీ జియానీ, థామస్ యేట్స్ బొమ్మల బాధ్యత తీసుకున్నారు. చేతులు మారినా వీరుడు బతికే ఉన్నాడు.

మనకీ ఉండేవారు

వాల్‌కి కొడుకు పుట్టిన ఏడాదే, 1947 జులైలో, మద్రాసులో 'చందమామ' పుట్టింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్స్ గుర్తున్నాయి కదూ... తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, శిథిలాలయం. వాటికి చిత్ర గీసిన బొమ్మలు చూస్తే ఫోస్టర్ గుర్తురాక మానడు. అవే బురుజులు, అవే శిరస్త్రాణాలు, అవే అడవులు. ఇక్కడా మాటల బుడగల్లేవు. కథ పక్కన బొమ్మ, నెల పొడుగునా ఎదురుచూపు. ఆ పత్రిక అట్టల మీద దేవతలకీ రాజులకీ రంగులద్దిన వడ్డాది పాపయ్య 1921లో శ్రీకాకుళంలో పుట్టినవాడే. 'వ.పా.' అన్న రెండక్షరాల సంతకం కనబడగానే ముఖచిత్రాన్ని జాగ్రత్తగా కత్తిరించి దాచుకున్న ఇళ్లు ఎన్నో. ఇక పక్కా కామిక్స్ విషయానికొస్తే, దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి ఉన్నాడు. ఆయన 'పంచతంత్రం' బొమ్మల కథ 1960ల్లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో ధారావాహికగా వచ్చింది.

తేడా ఒక్కటే. దాసరి వీరులు ఖడ్గవర్మ, జీవదత్తు, శిఖిముఖి ఏ దేశంవాళ్లో, ఏ శతాబ్దం వాళ్లో ఎవరూ చెప్పలేరు. ఆ ఊహాలోకంలోనే వాళ్ల అందం ఉంది, ఒప్పుకోవాలి. కానీ ఊరి పేరుతో, ఏటి పేరుతో, అసలైన రాజుతో నడిచే సాహసగాథ రుచి వేరు. చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. ఆ రుచి చూపించేవాళ్లు ఇంకా రావాల్సే ఉంది.

గెలిచినవాళ్ల కథే మిగిలింది

ముడిసరుక్కి కరవా అంటే, అదేం లేదు. క్రీస్తుశకం 1078లో ముఖలింగం గద్దెనెక్కిన అనంతవర్మ చోడగంగ దేవుణ్నే తీసుకోండి. తండ్రి కళింగ గంగరాజు. తల్లి రాజసుందరి చోళ రాకుమార్తె. అంటే అమ్మమ్మ గారి ఊరితోనే యుద్ధం చేయాల్సిన కుర్రాడన్నమాట! చోళ చక్రవర్తి కులోత్తుంగుడు తన సేనాని కరుణాకర తొండైమాన్‌ని కళింగం మీదికి పంపాడు. ఆ దండయాత్రని జయంగొండార్ అనే కవి 'కళింగత్తుపరణి' పేరుతో తమిళంలో కావ్యం చేశాడు. అది గెలిచినవాళ్ల ఆస్థానంలో పుట్టిన పాట. ఏనుగులు కూలడం, కళింగ సేన చెల్లాచెదురవడం అందులో కన్నులపండువగా ఉంటాయి. ఓడిన పక్షాన వంశధార ఒడ్డున ఏం జరిగిందో, మహేంద్రగిరి అడవుల్లోకి ఎవరు పరుగెత్తారో, సముద్రం వైపు ఊళ్లు ఏమయ్యాయో చెప్పే కావ్యం అలాంటిది మనకి దొరకలేదు.

పైగా ఆ 'ఓడినవాడు' ఏమయ్యాడో చూడండి. దాదాపు డెబ్బై ఏళ్లు రాజ్యం చేశాడు. వేంగి దాకా, గంగ దాకా చెయ్యి చాచాడు. రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథుడి ఇప్పటి పెద్దగుడికి పునాది వేసింది ఆయనేనంటారు. పిల్లాడిగా గద్దెనెక్కి పండు ముదుసలిగా దిగిన వీరుడు... వారం వారం వయసొచ్చే కథకి ఇంతకంటే ఏం కావాలి?

గీసేవాళ్లకి పని మాత్రం తక్కువేం కాదు. పదకొండో శతాబ్దంలో కళింగ సైనికుడు ఏం కట్టుకున్నాడు, కత్తి ఎటు వంగి ఉండేది, ఏనుగు మీద అంబారీ ఎలా కట్టేవారు, కళింగపట్నం, బారువ రేవుల్లోకి ఎలాంటి ఓడలొచ్చేవి... ఫోస్టర్‌లా ఒక్కో పేజీకి యాభై గంటలు కూర్చోవాలి. మందస కొండల్లోని సవరల సాయమూ తీసుకోవచ్చు. వాళ్ల గోడబొమ్మల్లో గుర్రమెక్కిన మనుషులు, ఏనుగులు, సూర్యచంద్రులు గడుల్లో బారులు తీరి ఉంటారు. శాసనాల కోసమైతే ఎక్కడికో పోనక్కర్లేదు. ముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి రాళ్ల మీద గంగరాజుల కాలంనాటి రాతలు బోలెడున్నాయి. టెక్కలి నుంచి అదెంతో దూరం కూడా లేదు.