డైట్ డ్రింకు దేనికి బదులు?

2023 జులై 14న అస్పర్టేమ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ గొడుగు కింద నుంచి ఒకే రోజు రెండు మాటలు వెలువడ్డాయి. పంచదార లేని కూల్‌డ్రింకుల్లో విరివిగా వాడే కృత్రిమ తీపి పదార్థం అస్పర్టేమ్. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఉన్న అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఐఏఆర్‌సీ, దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో, అంటే 2బీ వర్గంలో చేర్చింది. ఆహారంలో కలిపే పదార్థాల భద్రతను పరిశీలించే నిపుణుల సంఘం, జెక్ఫా, 1981లో తాను పెట్టిన పరిమితిని మార్చాల్సిన కారణం కనబడలేదంది. శరీర బరువులో కిలోకు 40 మిల్లీగ్రాముల చొప్పున రోజూ తీసుకున్నా ఫర్వాలేదన్నదే ఆ పరిమితి. క్యాన్సర్ అన్న మాట వినబడ్డాక రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అంతకుముందే, ఆ ఏడాది మే నెలలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో సలహా ఇచ్చింది: బరువు తగ్గడం కోసం ఈ తీపి పదార్థాలను నమ్ముకోవద్దని. ఈ మూడింటిలో మామూలు పాఠకుడికి నిజంగా పనికొచ్చేది మే నెలలో చెప్పిన ఆ మాటేనని నా అభిప్రాయం. డైట్ డ్రింకుల విషయంలో జనం భయం ఒక తప్పు చోట నిలబడితే, జనం నమ్మకం ఇంకో తప్పు చోట నిలబడింది.

ముందు భయం సంగతి చూద్దాం. ఐఏఆర్‌సీ వర్గాలు చెప్పేది ఒక పదార్థానికీ క్యాన్సర్‌కీ సంబంధం ఉందనడానికి ఆధారం ఎంత గట్టిదన్నది మాత్రమే. ఆ పదార్థం ఎంత ప్రమాదకరమో, ఎంత మోతాదులో ప్రమాదమో అవి చెప్పవు. ఎండ, పొగాకు, మద్యం మూడూ ఒకటో వర్గంలోనే ఉన్నాయి. మూడింటికీ క్యాన్సర్‌తో సంబంధం రుజువైందని దానర్థం. అంతేగానీ గంటసేపు ఎండలో నిలబడటం, పెట్టె సిగరెట్లు కాల్చడం ఒకటేనని కాదు. 2బీ అంటే ఆధారం పరిమితంగానే ఉంది, కొట్టిపారెయ్యలేం, నిర్ధారించనూ లేం అని. అస్పర్టేమ్‌కు వ్యతిరేకంగా ఉన్నవి ముఖ్యంగా కాలేయ క్యాన్సర్‌కు సంబంధించిన కొద్దిపాటి అధ్యయనాలు. వాటిలో కనిపించిన తేడా కాకతాళీయం కావచ్చు, వేరే అలవాట్ల వల్ల వచ్చినదీ కావచ్చు. ఇక మోతాదు లెక్క. ఒక క్యాన్ డైట్ డ్రింకులో 200 నుంచి 300 మిల్లీగ్రాముల అస్పర్టేమ్ ఉంటుందనుకుంటే, 70 కిలోల మనిషి జెక్ఫా పరిమితి దాటడానికి ఇతర ఆహారంలో అదేమీ లేకపోయినా రోజుకు 9 నుంచి 14 క్యాన్లకు పైగా తాగాలి. ఆ పరిమితి కూడా హాని మొదలయ్యే గీత కాదు. జంతువులకు రోజూ కిలోకు 4 గ్రాముల దాకా పెట్టినా చెడు కనిపించని మోతాదును తీసుకుని, మనిషికీ జంతువుకీ ఉన్న తేడాను, మనిషికీ మనిషికీ ఉన్న తేడాను దృష్టిలో పెట్టుకుని నూరో వంతుకు తగ్గించి పెట్టిన గీత అది.

అస్పర్టేమ్ కడుపులోకి వెళ్ళాక ఏమవుతుందో చూస్తే ఈ భయం ఇంకా సడలుతుంది. రెండు అమైనో ఆమ్లాలు, వాటికి అతుక్కున్న ఒక మిథైల్ ముక్క, అంతే దాని నిర్మాణం. పేగుల్లోని ఎంజైములు దాన్ని ఫినైలాలనిన్, అస్పార్టిక్ ఆమ్లం, మిథనాల్‌గా విడగొడతాయి. అస్పర్టేమ్ అస్పర్టేమ్‌గా రక్తంలోకి చేరడమంటూ దాదాపు ఉండదు. 200 మిల్లీగ్రాముల నుంచి వచ్చే ఫినైలాలనిన్ సుమారు 100 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలో అంతకు కొన్ని రెట్లు ఎక్కువే ఉంటుంది. మిథనాల్ పేరు వినగానే కల్తీ సారా చావులు గుర్తొస్తాయి. ఇక్కడ వచ్చేది 20 మిల్లీగ్రాములు. టమాటా రసం తాగినా, పండ్లు తిన్నా ఇలాంటి మోతాదులు, ఇంతకు మించినవీ శరీరంలోకి వస్తూనే ఉంటాయి, కాలేయం వాటిని చక్కబెడుతూనే ఉంటుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జన్యు లోపం ఉన్నవారికి మాత్రం ఈ మాట వర్తించదు. ఫినైలాలనిన్‌ను మార్చే ఎంజైము వారిలో పనిచేయదు, అది పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. డబ్బా మీద చిన్న అక్షరాల్లో కనిపించే ఆ పొడుగాటి పేరు వారికోసం రాసింది. అది అక్షరాలా పాటించాల్సిన హెచ్చరిక.

ఇలాంటి భయం కొత్తదేమీ కాదు. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో బయటపడ్డ సాకరిన్ అనే కృత్రిమ తీపి పదార్థానికి 1977లో ఇదే గతి పట్టింది. బాగా ఎక్కువ మోతాదు తిన్న మగ ఎలుకల మూత్రాశయంలో కణుతులు వచ్చాయని కెనడా ప్రయోగం చెప్పడంతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ నిషేధం ప్రతిపాదించింది. సైక్లమేట్ అనే మరో తీపి పదార్థాన్ని 1969లోనే నిషేధించారు గనుక షుగర్ రోగులకు అప్పటికి మిగిలింది సాకరిన్ ఒక్కటే. నిరసన వెల్లువెత్తి, నిషేధం ఆగి, డబ్బాల మీద హెచ్చరిక మిగిలింది. తర్వాతి పరిశోధనలో తేలిందేమిటంటే, ఎలుక మూత్రంలో ఉండే ప్రత్యేక పరిస్థితుల్లో సన్నని స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయం గోడను గీరుతూ ఉండటం వల్ల అక్కడ కణాలు అదే పనిగా పెరుగుతాయి. మనిషి మూత్రంలో ఆ పరిస్థితి లేదు. 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. ఎలుకకు వచ్చిందన్న వార్త విన్నప్పుడల్లా ఎలా వచ్చింది, ఆ దారి మనిషిలో ఉందా అని అడగాలి. ఆ జవాబు రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టిందన్నదీ మరిచిపోకూడదు.

ఇంతవరకు చదివినవారు ‘అయితే హాయిగా తాగొచ్చన్నమాట’ అనుకునే అవకాశం ఉంది. సరిగ్గా అక్కడే పొరపాటు పడతాం. ఒక పదార్థం విషం కాదని తేలడం వేరు, అది మనం ఆశించిన మేలు చేస్తుందని తేలడం వేరు. నియంత్రణ సంస్థలు తేల్చేది మొదటిది. రెండోది తేల్చడం వాటి పని కాదు. డైట్ డ్రింకు కొనేవాడు కొంటున్నది మాత్రం రెండోదాన్నే: లావెక్కకుండా, షుగర్ రాకుండా తీపి తాగొచ్చన్న హామీ. ఆ హామీకి ఆధారం ఎంత అని వెతికితే వింతైన దృశ్యం కనిపిస్తుంది. మనుషులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒకరికి ఈ తీపి పదార్థాలిచ్చి చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సమీక్షలో, వాడినవారి బరువు సగటున 0.7 కిలోలు తక్కువగా తేలింది. ఇవి ఎక్కువగా కొద్ది నెలల ప్రయోగాలు. అదే వేలాది మందిని ఏళ్ళ తరబడి గమనిస్తూ పోయిన అధ్యయనాల్లో, ఎక్కువ వాడేవారిలో టైప్-2 షుగర్, గుండెజబ్బులు, మరణాలు కూడా కాస్త ఎక్కువగా కనిపించాయి. ఫ్రాన్స్‌లో లక్ష మందికి పైగా పెద్దల ఆహారాన్ని నమోదు చేసిన న్యూట్రినెట్-శాంతే అధ్యయనం 2022లో వెల్లడించినదీ ఈ బాటలోనే ఉంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం బలమైనదే. లావుగా ఉన్నవారు, ఇంట్లో షుగర్ ఉన్నవారు, డాక్టరు హెచ్చరించినవారు ముందుగా డైట్ డ్రింకులకు మళ్ళుతారు. కాబట్టి జబ్బు వచ్చే అవకాశమే వారిని ఆ డ్రింకు దగ్గరకు తెచ్చింది తప్ప డ్రింకు జబ్బును తేలేదు. పరిశోధకులు బరువు, వయసు, పొగతాగడం లాంటివి లెక్కలోంచి తీసేసి చూస్తారు గానీ మనిషి జీవితంలో లెక్కకు అందనివి చాలా ఉంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సును షరతులతో కూడినదని పేర్కొంది. ఈ అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకున్నా ఒక విషయం మిగిలే ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడితే ఆరోగ్యం బాగుపడుతుందని చూపే గట్టి ఆధారం ఎక్కడా లేదు. కీడును నిర్ధారించలేకపోయామని మేలు దానంతటదే రుజువైపోదు.

కీడుకు దారి ఏదైనా ఉందా అంటే, పేగుల్లోని సూక్ష్మజీవుల వైపు చూడాలి. తీపి పదార్థాలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. అస్పర్టేమ్ పేగుల పైభాగంలోనే విడిపోతుంది. ఎసిసల్ఫేమ్ రక్తంలోకి వెళ్ళి ఉన్నదున్నట్టుగా మూత్రంలో పోతుంది. సుక్రలోజ్‌లో అధిక భాగం అసలు రక్తంలోకే పోకుండా పేగు పొడవునా ప్రయాణించి మలంలో వెళ్ళిపోతుంది, అంటే దారిలో సూక్ష్మజీవులన్నిటినీ పలకరించి వెళుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2022లో ప్రచురించిన ప్రయోగంలో, అంతకుముందు ఇలాంటి తీపి వాడని 120 మంది ఆరోగ్యవంతులకు రెండు వారాల పాటు అనుమతించిన పరిమితికి లోబడే వీటిని ఇచ్చారు. సాకరిన్, సుక్రలోజ్ తీసుకున్నవారిలో గ్లూకోజును తట్టుకునే శక్తి కొంత మందగించింది. అస్పర్టేమ్, స్టీవియా విషయంలో అలా జరగలేదు. పైగా ప్రభావం మనిషికో తీరుగా ఉంది, ఎవరి పేగుల్లో ఏ సూక్ష్మజీవులున్నాయన్న దాన్ని బట్టి. ఇలాంటి మార్పు కనబడని ప్రయోగాలూ ఉన్నాయి. రెండు వారాల్లో కనిపించింది ఇరవై ఏళ్ళలో జబ్బుగా మారుతుందని ఎవరూ చూపలేదు. కానీ ‘శక్తి ఇవ్వదు కాబట్టి శరీరానికి దాంతో పనే లేదు’ అన్న పాత వాదన మాత్రం ఇక చెల్లదు.

ఈ పరస్పర విరుద్ధ ఫలితాలను కలిపే ప్రశ్న ఒకటుంది: ఆ డ్రింకు దేనికి బదులుగా తాగుతున్నారు? నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద 18 నెలలు జరిగి 2012లో వెలువడిన ప్రయోగం ఈ విషయంలో చాలా విలువైనది. అప్పటికే తీపి డ్రింకులు అలవాటున్న పిల్లలు వారు. సగం మందికి రోజుకు 250 మిల్లీలీటర్ల పంచదార డ్రింకు, మిగతావారికి అదే రుచిలో పంచదార లేనిది. ఎవరిది ఏదో పిల్లలకు తెలియదు. ఎదిగే వయసు గనుక అందరి బరువూ పెరిగింది. పంచదార డ్రింకు గుంపులో 7.37 కిలోలు, రెండో గుంపులో 6.35 కిలోలు. పంచదారకు బదులైనప్పుడు లాభం నిజమే. 300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది. రోజు మొత్తానికి పెద్దవారు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ ఒక్క సీసాతోనే అది దాటిపోతుంది. అలాంటి సీసా రోజూ తాగేవాడు మానలేక డైట్‌కు మారితే అది మెరుగైన అడుగే, ఆ అడుగును ఎవరూ తప్పుపట్టకూడదు. మంచినీళ్ళకో మజ్జిగకో బదులుగా డైట్ డ్రింకు తాగేవాడికి మాత్రం తగ్గించుకోవడానికి పంచదార లేదు, రావడానికి లాభమూ లేదు. ఉన్నదల్లా తేలని సందేహం, దానితోపాటు ఆమ్లం. పంచదార తీసేసినా డైట్ కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం అలాగే ఉంటుంది, తరచుగా తాగితే పంటి ఎనామిల్‌ను అరగదీస్తుంది.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న మరింత సూటిగా తగులుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్ల మంది, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్ల మంది. బిర్యానీ పక్కన డైట్ కోలా పెట్టుకుని జాగ్రత్త తీసుకున్నామనుకునే అలవాటు పెరిగింది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అది జీర్ణమై గ్లూకోజుగానే రక్తంలో చేరుతుంది. పక్కనున్న డ్రింకు పంచదార లేనిదైనంత మాత్రాన అన్నం ఇచ్చే గ్లూకోజు తగ్గదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2024లో ప్రచురించిన ప్రయోగంలో షుగర్ ఉన్నవారి టీ, కాఫీల్లో పంచదార బదులు 12 వారాలు సుక్రలోజ్ వాడించారు. బరువు కాస్త తగ్గింది, మూడు నెలల సగటు షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కీడూ కనబడలేదు. షుగర్ రోగి టీలో ఒక మాత్ర వేసుకుంటే భయపడాల్సింది లేదని దీన్నుంచి తెలుస్తోంది. టీలో మాత్ర వేసుకున్నంత మాత్రాన షుగర్ అదుపులోకి రాదనీ దీన్నుంచే తెలుస్తోంది. మే నెల సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవారికి వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. వారు తమ డాక్టరు మాట ప్రకారం నడుచుకోవాలి.

స్టీవియా మొక్క నుంచి వచ్చింది కదా, అది మంచిది కాదా అని అడిగేవారున్నారు. ఆకు నుంచి తీసి శుద్ధి చేసిన రసాయనాలే డబ్బాలోకి చేరతాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా దాన్ని కూడా కలుపుకునే చెప్పింది. తేలేదాకా అన్నిటినీ నిషేధించాలనే వాదన ఇంకోవైపు ఉంది. అది నాకు సమ్మతం కాదు. నిషేధిస్తే ఎక్కువమంది వెళ్ళేది మంచినీళ్ళ దగ్గరకు కాదు, తిరిగి పంచదార డ్రింకు దగ్గరకే. దాని కీడు మాత్రం అనుమానం లేకుండా తేలిపోయింది. నిజంగా జాగ్రత్తపడాల్సింది పిల్లల విషయంలో. 20 కిలోల పిల్లవాడికి అస్పర్టేమ్ పరిమితి 800 మిల్లీగ్రాములు, మూడు నాలుగు క్యాన్లకే అది నిండుతుంది. చిన్నప్పటి నుంచి దశాబ్దాల పాటు వాడితే ఏమవుతుందో చూపే ప్రయోగమేదీ జరగలేదు. మన దేశంలో డైట్ సోడాల మీద పిల్లలకు తగదన్న హెచ్చరిక ఉంటుంది గానీ పెళ్ళి విందులో గ్లాసుల్లో పోసి పంచేటప్పుడు డబ్బా మీద అక్షరాలు ఎవరికీ కనబడవు. పైగా ఏ తీపి పదార్థం కలిపారో చెప్పే డబ్బా మీద అది ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలన్న నియమం చాలా దేశాల్లో లేదు. పరిశోధకులు ఎవరు ఎంత తీసుకున్నారో కచ్చితంగా లెక్కగట్టలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఆ అంకెను డబ్బా ముందువైపు, పెద్ద అక్షరాల్లో, తెలుగు లాంటి ప్రాంతీయ భాషల్లో కూడా ముద్రించమని ఆహార భద్రతా సంస్థ ఆదేశిస్తే తయారీదారులకు పెద్ద ఖర్చేమీ ఉండదు.