పిల్లల పగటి పలహారము - మన యింటి గింజ

తెల్లవారక మునుపే ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్టణము చుట్టుప్రక్కల పల్లెలనుండి కూరగాయల గంపలు విశాఖపట్టణపు రైతుబజారులకు బయలుదేరును. పాలు కేంద్రమునకు పోవును. గ్రుడ్లు సంతకు పోవును. వేరుసెనగ బస్తాలు కళ్లమునుండియే వర్తకుని లారీ యెక్కును. ఇవన్నియు పోయిన పిమ్మట, పది గంటల వేళ, ఆ యింటి పిల్లవాడు అయిదు రూపాయల బిళ్లతో వీధి చివరి కొట్టునకు పోయి, రంగుకాగితపు పొట్లమొకటి కొని తెచ్చుకొనును. అందులో నుండునది మైదాయో, నూనెలో వేచిన పిండియో, దానికి తోడు ఉప్పో పంచదారయో. మంచి తిండిని మనము పండించి పట్టణమునకు పంపి, పట్టణమునుండి వచ్చిన పొట్లమును మన బిడ్డలకు పెట్టుచున్నాము. ఈ బేరములో లాభమెంతయో, నష్టమెంతయో లెక్క చూచుకొనుట సహకార సంఘ సభ్యులకు క్రొత్తగాదు. ఈ మాసము ఆ లెక్కయే చూతము.

పిల్లల తిండియనగా మనము ఉదయపు చల్దిని, రాత్రి అన్నమును మాత్రమే తలంతుము. నడుమ నున్న తొమ్మిది పది గంటలను ఎవరును లెక్కింపరు. బిడ్డల కడుపు చిన్నది. ఒక్కసారి నిండుగా పెట్టిన నిలువదు. కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలయును. ఈ సంగతిని ప్రభుత్వములు మనకంటె ముందే గుర్తించినవి. 1920లో మద్రాసు నగరసభ, తెలుగువాడగు పిట్టి త్యాగరాయ చెట్టిగారి అధ్యక్షతన, థౌజండు లైట్సు పేటలోని తన బడిపిల్లలకు తలకు రోజునకు ఒక అణాకు మించని వ్యయముతో పగటి పలహారము పెట్ట నిశ్చయించెను. విశాఖపట్టణము నాడు ఆ రాజధానిలోనిదే. తరువాత 2001లో సుప్రీము కోర్టు ఉత్తరువు చేయగా, 2003 జనవరి నుండి మన రాష్ట్రపు బడులలో వండిన భోజనము పెట్టుట మొదలయ్యెను. 2023 మార్చిలో దానికి వారమునకు మూడు దినములు రాగిజావ చేర్చిరి.

అయితే ఆదివారమున బడి లేదు. పండుగలకు లేదు. ఏప్రిల్ కడపటి వారము మొదలు జూన్ రెండవ వారము వరకు అసలే లేదు. ఆ దినములలో తల్లి పొలమున నుండును, పిల్లలు ఇంట నుందురు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున ఆరునెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత కలదని తేలినది. వీరు బడికి పోవు వయసు వారైనను గారు. వీరి పగటి తిండి భారమంతయు ఇంటిదే.

మొట్టమొదట చోళ్ల మాట చెప్పవలయును. రాగులని పుస్తకములలో వ్రాయుదురు గాని మన వైపున అవి చోళ్లే. అరకు, పాడేరు కొండలలోను, మన మెట్టలలోను తరతరాలుగ పండుచున్నవి. నూరు గ్రాముల చోళ్లలో ఎముకలకు కావలసిన కాల్షియమను సున్నపు ధాతువు సుమారు 350 మిల్లీగ్రాములు కలదు. మరపట్టిన తెల్ల బియ్యములో అది పది మిల్లీగ్రాములైనను లేదు. నాలుగు మొదలు ఆరేండ్ల బిడ్డకు రోజునకు 550 మిల్లీగ్రాములు కావలయునని 2020లో భారత వైద్య పరిశోధనామండలి, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారు నిర్ణయించిరి. ముప్పది గ్రాముల పిండితో, అనగా ఒక గుప్పెటితో, అందులో అయిదవవంతు దొరకును. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మనము చోడియన్నమును పేదవాని తిండియని విడిచిపెట్టితిమి. పట్టణపు అంగళ్లలో దానినే అట్టపెట్టెలలో పెట్టి అమ్ముచున్నారు!

అంబలి చేయు విధము మన అవ్వలకు చెప్పనక్కరలేదు, కోడళ్లకు చెప్పవలసియున్నది. రాత్రి పిండిని నీళ్లలో కలిపి మూతపెట్టి పులియనిచ్చి, ఉదయము నూకలు ఉడుకుచున్న యెసటిలో పోసి, అడుగంటకుండ కలియబెట్టి దింపవలెను. చల్లారిన పిదప మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ చేర్చిన పిల్లలు ఇష్టముగా త్రాగుదురు. వేసవిలో మధ్యాహ్నము దాటినచో అది మిక్కిలి పులిసిపోవును గాన, మిగిలినది సాయంకాలము పెట్టరాదు. మరియొక విధమున్నది. చోళ్లను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగ వేయించి విసరిన పిండి రెండు మూడు వారములు నిలువయుండును. మొలక వచ్చిన గింజలోని సత్తువ శరీరమునకు సులభముగ పట్టును. పొలమునకు పోవు తల్లికి ఇది మిక్కిలి అనుకూలము. ఇంట నున్న అవ్వ పది నిమిషములలో జావ కాచి పోయగలదు. చోడి రొట్టెలో గుప్పెడు మునగాకు కలిపిన మరియు మంచిది.

ఇక వేరుసెనగ. ఇరువదియైదు గ్రాముల పలుకులలో ఆరు గ్రాముల మాంసకృత్తులుండును. ఒక కోడిగ్రుడ్డులోను రమారమి అంతే. వేయించి, పొట్టు తీసి, బెల్లపు పాకములో ఉండలు చుట్టినను, మురీలతో కలిపినను పిల్లలు వలదనరు. నువ్వులను వేయించి బెల్లముతో రోటిలో దంచిన చిమ్మిలియు ఇట్టిదే. అయితే మూడు జాగ్రత్తలు చెప్పక తప్పదు. బూజు పట్టిన, ముడుతలు పడిన, చేదెక్కిన గింజను ఏరి పారవేయవలెను. ఆ బూజులో కాలేయమును చెరుచు విషముండును. విత్తనమునకై మందు పట్టించిన గింజ పిల్లల చేతికి అందనీయరాదు. కడిగినను అది తిండికి పనికిరాదు. నాలుగేండ్ల లోపు బిడ్డకు పలుకు నోట వేయరాదు, గొంతున అడ్డుపడును. పొడి చేసియే పెట్టవలెను.

ఖరీదు మాట. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర చోళ్లకు క్వింటాలు 4,886 రూపాయలు, వేరుసెనగ కాయకు 7,263 రూపాయలు. ఆ ధరకు ముప్పది గ్రాముల చోళ్లు రూపాయిన్నర. ఇరువదియైదు గ్రాముల పలుకులకు కావలసిన కాయ రెండు రూపాయల అరువది పైసలు. కొంచెము బెల్లము చేర్చినను మొత్తము అయిదు రూపాయలు దాటదు. రోజునకు పది రూపాయల పొట్లములు తిను పిల్లలు ఇద్దరున్న యింట సంవత్సరమునకు 7,300 రూపాయలు కొట్టువాని పాలగుచున్నవి. ఇది ఎరువుల ఖర్చు వలె మన పుస్తకములో ఎక్కదు గాన మనకు కనబడదు.

బెల్లమును గూర్చి ఒక మాట. చెరకు రైతులు కోపపడకుందురు గాక. అనకాపల్లి బజారులో పసుపుపచ్చని దిమ్మకే ధర యెక్కువ పలుకునని కొందరు పాకములో హైడ్రోసు వేయుట మనమెరిగినదే. ఇంటికి మాత్రము మందు వేయని నల్ల బెల్లమే ఉంచుకొనుడు. అదియు మితముగనే. బెల్లముననే రక్తము పట్టునని నమ్మి ముద్దలు ముద్దలుగా పెట్టిన పండ్లు పుచ్చును.

గుగ్గిళ్ల కన్న చవుకయైన తిండి లేదు. ఉలవలు, బొబ్బర్లు, పెసలు, వరికోతల తరువాత మడిలో పండినవి, రాత్రి నానబెట్టి ఉడికించి పోపు పెట్టి, పైన నిమ్మరసము పిండవలెను. ఆ పులుపు రుచికొరకే అనుకొనవలదు. గింజలోని ఇనుమును శరీరము గ్రహించుటకు అది తోడ్పడును. జామ, ఉసిరి కూడ అట్టివే. తేనీరు దానికి విరోధి. పిల్లలకు తిండితో పాటు టీ పోయు అలవాటు మన పల్లెలలో ప్రబలినది, అది మానవలెను.

కాలము ననుసరించి ఊరే పలహారము నిచ్చును. వేసవిలో ముంజలు, తరువాత నేరేడు, శరత్తున సీతాఫలములు, సంక్రాంతి నాటికి తేగలు, చిలగడదుంపలు. మాంసాహారులకు సముద్రము దాపుననే యున్నది: ఎండు నెత్తళ్లను బాగుగ కడిగి వేయించి, ముల్లుతో కూడ పొడిచేసి అన్నములో కలిపిన, అదియు ఎముకలకు మంచి బలము. ఎండుచేపలో ఉప్పు విశేషము గాన కూరకు వేరే ఉప్పు వేయరాదు.

పాలు అమ్మవలదని మేము చెప్పము. ఆ రాబడితో గదా అప్పు తీరుచున్నది. కేంద్రమునకు పోయకముందు బిడ్డకొక గ్లాసెడు తీసి ఉంచుడు. గ్రుడ్లలోను బడిలేని దినములకు చాలినన్ని మిగుల్చుడు.

విత్తుటకు ముందు వేసికొనదగిన లెక్క యిది. ఒక బిడ్డకు సంవత్సరమున మున్నూరు దినములకు తొమ్మిది కిలోల చోళ్లు, పదకొండు కిలోల వేరుసెనగ కాయ కావలయును. మెట్టలో సాధారణముగా పండిన యెడల ఈ రెంటికిని కలిపి తలకు అయిదారు సెంట్ల నేల చాలును. కళ్లమున వర్తకుని కాటా నిలుపకముందే ఆ పాళ్లు వేరుగ కొలిచి, గాదెలో బిడ్డ పేర ఉంచవలెను.