గురక గురించి అడిగారా డాక్టర్?

బీడీఎస్ చివరికొచ్చిందంటే ఇంటా బయటా ఒకటే ప్రశ్న: 'ఎండీఎస్ చేస్తావా, క్లినిక్ పెడతావా?' రెండు దారుల్లోనూ పనికొచ్చే ఓ నైపుణ్యాన్ని హౌస్‌సర్జన్సీలోనే అలవాటు చేసుకోవచ్చు. ఓ టేపు, ఎనిమిది ప్రశ్నలు చాలు.

ఈసారి పేషెంట్ నోరు తెరిచినప్పుడు పిప్పిపన్ను ఒక్కటే చూసి ఊరుకోకండి. పళ్లు బాగా అరిగాయా? నాలుక అంచుల మీద పళ్ల గాట్లున్నాయా? కింది దవడ వెనక్కి ఉందా? కొండనాలుక అసలు కనిపించడం లేదా? ఇవి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియాకు సూచనలు కావచ్చు. ఈ సమస్య ఉన్నవారికి నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, ఉలిక్కిపడితే మళ్లీ అందుతుంది. రాత్రంతా ఇదే తంతు. తెల్లారాక చాలామందికి గుర్తే ఉండదు, పగలు మాత్రం కునికిపాట్లు. ఆ మనిషి లారీ డ్రైవరైతే?

ఆ ఎనిమిది ప్రశ్నల పేరు 'స్టాప్-బ్యాంగ్'. ఆపరేషన్‌కు ముందు అడగడానికి టొరంటోలోని మత్తు డాక్టర్లు రూపొందించారు, 2008లో వెలువడింది. గట్టి గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెం.మీ. దాటడం, మగవారు కావడం. ఒక్కో 'అవును'కు ఒక మార్కు. 3, 4 వస్తే ముప్పు మధ్యస్థం, 5 నుంచి ఎక్కువ. గురక సంగతి మాత్రం ఇంట్లోవాళ్లనే అడగండి. 'నాకా? గురకా?' అని ఆయన అంటుండగానే పక్కనున్న ఆవిడ నవ్వేస్తారు! మార్కులు తక్కువొచ్చాయని, మనిషి సన్నగా ఉన్నాడని వదిలేయొద్దు. సన్నటివారికీ రావచ్చు.

ఇంటర్వ్యూలో చాలామంది తడబడేది ఇక్కడే. 'ఇలాంటి పేషెంట్ వస్తే ఏం చేస్తావ్?' అంటే వెంటనే 'అప్లయన్స్ ఇస్తా' అనేస్తారు. తప్పు. స్కోరు వ్యాధి నిర్ధారణ కాదు. ముందు స్లీప్ టెస్ట్ జరగాలి, అది చూసి తేల్చాల్సింది ఫిజీషియన్. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2017లో ఇచ్చిన విధాన ప్రకటన సారమూ ఇదే: డెంటిస్టు ముప్పును పసిగట్టి పంపాలి, ఫిజీషియన్ సూచిస్తే అప్లయన్స్ చేయాలి.

సమస్య ఓ మోస్తరుగా ఉన్నవారికి, సీప్యాప్ మాస్కు ఇమడనివారికి ఆ అప్లయన్స్ ఉపయోగపడుతుంది. రాత్రిపూట కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది. అచ్చు తీయడం, కొద్దికొద్దిగా ముందుకు జరపడం, దవడ కీలు నొప్పి, పళ్ల కాటు మారడం లాంటివి ఏళ్ల తరబడి గమనించడం... అంతా మీ పనే. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ కన్నా ఓ స్లీప్ ల్యాబ్‌లో కొన్నాళ్లు కూర్చుని రిపోర్టులు చదవడం మేలు. మీ ఊళ్లో ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో ఈ వారమే కనుక్కోండి.